మన కంప్యూటర్‌ను మనకు తగినట్లు మార్చుకుందాం



చెప్పులు కాలికి సరిపోవాలి గానీ చెప్పుల కోసం కాలును కోసుకోము కదా! కంప్యూటర్ కూడా అంతే. దుకాణం నుండి వచ్చిన కంప్యూటర్ అందరి కోసం ఒకే కొలతతో కుట్టిన చొక్కా లాంటిది. అక్షరాలు చిన్నవి, మెనూలన్నీ ఇంగ్లీషు, అవసరం లేని ప్రోగ్రాములు తలుపు తీయగానే ముందుకొచ్చి కూర్చుంటాయి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన మన పిల్లలు దాని ముందు కూర్చోగానే చేతులు ముడుచుకుంటారు. "ఏదైనా నొక్కితే పాడైపోతుందేమో" అని భయం. ఆ భయం వల్ల మౌస్ ఎప్పుడూ ధైర్యం ఉన్న ఒకరిద్దరి చేతిలోనే ఉండిపోతుంది. మిగిలినవారు వెనుక నిలబడి చూస్తారు. ఏడాది గడిచేసరికి చూసినవారు చూసినట్లే మిగిలిపోతారు.

ఈ భయం పోవాలంటే ఒకటే మార్గం. కంప్యూటర్‌లో ఏవి మార్చవచ్చో, ఎలా మార్చాలో, మార్చినదాన్ని మళ్ళీ ఎలా వెనక్కు తీసుకోవాలో తెలుసుకోవడం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల హాస్టళ్ళలో చదివే మన విద్యార్థులకు పనికివచ్చే చిన్న చిన్న చిట్కాలను ఇక్కడ వరుసగా ఇస్తున్నాము. వీటికి డబ్బు ఖర్చు లేదు. కోర్సులు చదవనక్కర లేదు. రోజుకు ఒకటి చొప్పున చేసి చూడండి.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటి?

మన హాస్టల్‌లో వంటవారు, వాచ్‌మన్, ట్యూటర్లు ఎవరి పని వారు చేసినా, ఎవరు ఎప్పుడు ఏం చేయాలో చూసేది వార్డెన్ గారు. కంప్యూటర్‌లో ఆ పని చేసేదే ఆపరేటింగ్ సిస్టమ్. కీబోర్డులో నొక్కిన అక్షరాన్ని తెరమీదకు తెచ్చేది, ఫైలును డిస్కులో దాచేది, ప్రింటరుకు పంపేది అదే. మనం ఎక్కువగా చూసేది మైక్రోసాఫ్ట్ వారి విండోస్. రెండవది లినక్స్. దీన్ని ఫిన్లాండ్‌కు చెందిన లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్ళు.

ఈ వ్యాసంలో విండోస్ 10, విండోస్ 11 లను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాము. చివరిలో లినక్స్ గురించి కూడా ఉంది. దాదాపు అన్ని మార్పులూ "సెట్టింగ్స్" అనే ఒకే చోట ఉంటాయి. కీబోర్డులో విండోస్ గుర్తు ఉన్న కీని పట్టుకుని ఐ అక్షరం నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటుంది.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. స్టార్ట్ నొక్కి "రీస్టోర్" అని ఇంగ్లీషులో టైపు చేయండి. "క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్" అనే వరుస కనబడుతుంది. అందులో ఒక రీస్టోర్ పాయింట్ పెట్టుకుంటే, తర్వాత సెట్టింగులు ఏవైనా తలకిందులైనా ఆ రోజు ఉన్న స్థితికి తిరిగి రావచ్చు. ఇది మన ఫైళ్ళకు కాపీ తీయదు. సిస్టమ్ సెట్టింగులను మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. నొక్కితే పాడైపోతుందన్న భయానికి మొదటి మందు ఇదే.

1. ముందు కంటికి సుఖం

రాత్రి స్టడీ అవర్‌లో కళ్ళు చికిలించి చదివేవారిని మనం చూస్తూనే ఉంటాము. కళ్ళజోడు అవసరమున్నా చెప్పనివారు మనలో చాలామంది. కళ్ళ పరీక్ష తప్పక చేయించుకోవాలి. అక్షరాల సైజు మాత్రం ఈ రోజే పెంచుకోవచ్చు.

విండోస్ 11లో సెట్టింగ్స్, ఆ తర్వాత "యాక్సెసిబిలిటీ", అందులో "టెక్స్ట్ సైజ్" తెరవండి. విండోస్ 10లో అయితే "ఈజ్ ఆఫ్ యాక్సెస్", అందులో "డిస్‌ప్లే". అక్కడ ఒక గీత మీద చిన్న గుండీ ఉంటుంది. దాన్ని జరిపితే అక్షరాలు 100 శాతం నుండి 225 శాతం వరకు పెరుగుతాయి. అక్షరాలే కాక బొమ్మలు, గుండీలు అన్నీ పెరగాలంటే "సిస్టమ్"లో "డిస్‌ప్లే", అందులో "స్కేల్" 125 శాతం పెట్టండి.

ఒక్కసారి మాత్రమే పెద్దదిగా చూడాలంటే విండోస్ కీతో పాటు ప్లస్ గుర్తు నొక్కండి. భూతద్దం వస్తుంది. విండోస్ కీ, ఎస్కేప్ కీ కలిపి నొక్కితే పోతుంది. కంట్రోల్ కీ పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే నెట్ పేజీలోని అక్షరాలు పెరుగుతాయి, తగ్గుతాయి.

రాత్రిపూట తెర తెల్లగా కళ్ళలో పొడుస్తుంటే "డిస్‌ప్లే"లోనే "నైట్ లైట్" ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే తెర వెలుతురు దీపం కాంతి లాగా పసుపు రంగులోకి మారుతుంది.

ఎడమచేతి వాటం ఉన్నవారికి ఒక మాట. మౌస్ సెట్టింగులలో "ప్రైమరీ బటన్" అనే చోట "రైట్" అని పెట్టుకుంటే మౌస్‌ను ఎడమవైపు పెట్టుకుని హాయిగా వాడవచ్చు. పని అయ్యాక మళ్ళీ "లెఫ్ట్" పెట్టడం మరవకండి. లేకపోతే తర్వాత కూర్చున్నవారు మౌస్ పాడైందని ఫిర్యాదు చేస్తారు!

2. కంప్యూటర్‌లో తెలుగు రాయడం

ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. తెలుగులో రాయాలంటే డీటీపీ సెంటరుకే వెళ్ళాలని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అది పాతమాట. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే పద్ధతిలో సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం తొలి సంచిక 1991లో వచ్చింది. అందులోనే తెలుగుకు 128 గళ్ళ చోటు ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో "గౌతమి" అనే తెలుగు ఫాంటు ఉండేది. అయితే అప్పట్లో కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి, ఒక గడిలో టిక్ పెట్టి, సీడీ వేస్తేగానీ తెలుగు అక్షరాలు సరిగా కనబడేవి కావు. ఇప్పుడు ఆ తిప్పలు లేవు.

సెట్టింగ్స్‌లో "టైమ్ అండ్ లాంగ్వేజ్" తెరిచి, "లాంగ్వేజ్" విభాగంలో "యాడ్ ఎ లాంగ్వేజ్" నొక్కి తెలుగును ఎంచుకోండి. కీబోర్డు దానితో పాటే వస్తుంది. ఇక విండోస్ కీ పట్టుకుని స్పేస్ బార్ నొక్కితే ఇంగ్లీషు నుండి తెలుగుకు, తెలుగు నుండి ఇంగ్లీషుకు మారవచ్చు. టాస్క్‌బార్ కుడి మూలలో ఏ భాష నడుస్తున్నదో కనబడుతుంది.

కీబోర్డులు రెండు రకాలు. ఒకటి ఫొనెటిక్. ఇంగ్లీషు అక్షరాలతో పలుకుబడి ప్రకారం కొడితే తెలుగు వస్తుంది. విండోస్ 10కు 2019 మే నెలలో ఇచ్చిన అప్‌డేట్‌తో ఇది తెలుగుతో కలిపి పది భారతీయ భాషలకు వచ్చింది. తెలుగు భాష పక్కనున్న "ఆప్షన్స్"లో "యాడ్ ఎ కీబోర్డ్" నొక్కి దీన్ని చేర్చుకోవచ్చు. ఫోన్‌లో ఇలాగే టైపు చేసే అలవాటు ఉన్నవారికి ఇది సులభం.

రెండవది ఇన్‌స్క్రిప్ట్. భారత ప్రభుత్వ ప్రమాణం ఇదే. 1991 నాటి ఐఎస్ 13194 ప్రమాణంలో దీన్ని చేర్చారు. ఇందులో గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. మొదటి వారం కష్టంగా ఉంటుంది. తర్వాత వేళ్ళే దారి వెతుక్కుంటాయి. మన మూడు ఊళ్ళ పేర్లతో అభ్యాసం మొదలుపెడదాం.

కుప్పం: కె, జి, హెచ్, డి, హెచ్, ఎక్స్.
పుంగనూరు: హెచ్, జి, ఎక్స్, ఐ, వి, టి, జె, జి.
మదనపల్లె: సి, ఓ, వి, హెచ్, ఎన్, డి, ఎన్, జెడ్.

గమనించారా? "కుప్పం"లో కె కీ అంటే క, జి కీ అంటే కొమ్ము, హెచ్ అంటే ప. డి కీ పొల్లు. రెండు ప ల మధ్య పొల్లు పెడితే కింద వత్తు దానంతటదే వస్తుంది. "మదనపల్లె"లో కూడా రెండు ల ల మధ్య డి కీయే ఉంది. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే ఏ వత్తయినా వచ్చేసినట్లే. కీలమీద తెలుగు అక్షరాలు లేకపోయినా ఫర్వాలేదు. ఒక తెల్లకాగితం మీద కీబోర్డు బొమ్మ గీసి, ఏ కీలో ఏ అక్షరం ఉందో రాసి గోడకు అంటించండి.

కుప్పం వైపు పిల్లలకు ఇన్‌స్క్రిప్ట్‌తో ఇంకో లాభం ఉంది. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక సరిహద్దులు. చాలా ఇళ్ళలో రెండు మూడు భాషలు నడుస్తాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కుప్పంలో నెలకొల్పడం ఈ నేలకు తగిన పనే. ఇన్‌స్క్రిప్ట్‌లో క అనే ధ్వని తెలుగులోనూ కన్నడంలోనూ తమిళంలోనూ హిందీలోనూ అదే కె కీ మీద ఉంటుంది. ఒక భాషకు నేర్చుకుంటే మిగిలిన భాషలకు చాలావరకు నేర్చినట్లే. "యాడ్ ఎ లాంగ్వేజ్" దగ్గర కన్నడ, తమిళ భాషలను కూడా చేర్చుకుంటే విండోస్ కీ, స్పేస్ బార్‌తో వరుసగా అన్నిటికీ మారవచ్చు.

ఇంకొక విషయం. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేసిన తెలుగు చూడటానికి బాగుంటుంది. అచ్చుకు పనికివస్తుంది. కానీ అది యూనికోడ్ కాదు. ఆ ఫైలును అను ఫాంట్లు లేని మరో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనబడతాయి. అందులోని పేరును నెట్‌లో వెతికితే దొరకదు. మనం రాసే వ్యాసాలు, ప్రాజెక్టు రిపోర్టులు యూనికోడ్‌లోనే రాసుకుంటే ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ ఫోన్‌లోనైనా చదవవచ్చు. అందమైన ఫాంట్లు కావాలంటే తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసిన పోతన, వేమన ఫాంట్లు ఉన్నాయి. మండలి, రామభద్ర, ధూర్జటి వంటివి కూడా ఉచితమే. ఫాంటు ఫైలును రెండుసార్లు క్లిక్ చేసి "ఇన్‌స్టాల్" నొక్కితే చాలు.

3. మెనూలు కూడా తెలుగులో

రాయడమే కాదు, విండోస్ మెనూలను కూడా చాలావరకు తెలుగులో చూడవచ్చు. లాంగ్వేజ్ విభాగంలో "విండోస్ డిస్‌ప్లే లాంగ్వేజ్" అనే చోట తెలుగును ఎంచుకుని, సైన్ అవుట్ చేసి మళ్ళీ లోపలికి రావాలి. కొన్ని లాప్‌టాప్‌లలో "హోమ్ సింగిల్ లాంగ్వేజ్" అనే రకం విండోస్ ఇస్తారు. అందులో మెనూల భాష మారదు. తెలుగులో టైపు చేయడం మాత్రం అందులోనూ కుదురుతుంది.

మెనూలు తెలుగులో పెట్టుకోవాలా, ఇంగ్లీషులో ఉంచాలా అని అడిగితే మా సలహా ఇది. కొత్తగా నేర్చుకునేవారు మొదటి నెల తెలుగులో పెట్టుకోండి. ఏ గుండీ ఏ పని చేస్తుందో అర్థమయ్యాక ఇంగ్లీషుకు మార్చండి. పరీక్షల్లో, ఉద్యోగాల్లో ఇంగ్లీషు మెనూలే ఎదురవుతాయి. అర్థం తెలిసిన తర్వాత ఇంగ్లీషు మాట గుర్తుపెట్టుకోవడం సులభం. అర్థం తెలియకుండా మాటను బట్టీపట్టడం కష్టం.

4. డెస్క్‌టాప్‌ను సర్దుకోవడం

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. డెస్క్‌టాప్ నిండా ఫైళ్ళు పరిచినవారికి హాల్ టికెట్ కావలసిన రోజున హాల్ టికెట్ దొరకదు.

అందరికీ తెలియని సంగతి ఒకటుంది. డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైలు మామూలుగా సి డ్రైవ్‌లో ఉంటుంది. కంప్యూటర్ మొరాయించి ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేస్తే సి డ్రైవ్‌లోనివన్నీ పోతాయి. అందుకని డి డ్రైవ్ ఉంటే అందులో మీ పేరుతో ఒక ఫోల్డరు, దానిలో "సర్టిఫికెట్లు", "నోట్సు", "దరఖాస్తులు" అని మూడు ఫోల్డర్లు పెట్టుకోండి. ఇంకా సులభమైన దారి: "డాక్యుమెంట్స్" మీద కుడి క్లిక్ చేసి, "ప్రాపర్టీస్"లో "లొకేషన్" అనే చోట డి డ్రైవ్‌లోని ఫోల్డరును చూపించి "మూవ్" నొక్కండి. అప్పటినుండి డాక్యుమెంట్స్‌లో దాచినవన్నీ డి డ్రైవ్‌కే వెళతాయి. అయితే డిస్కే చెడిపోతే రెండూ పోతాయి. ముఖ్యమైనవి పెన్‌డ్రైవ్‌లో కూడా ఒక కాపీ ఉండాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

ఫైలు పేరులో తేదీని ఏడాది, నెల, రోజు వరుసలో పెట్టండి. ఉదాహరణకు "2026-01-15 ఆదాయ ధ్రువపత్రం". అప్పుడు ఫైళ్ళు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి.

తప్పనిసరిగా మార్చవలసిన సెట్టింగు మరొకటి. విండోస్ ఫైలు పేరు చివరనున్న తోకను దాచిపెడుతుంది. తోక అంటే పీడీఎఫ్, జేపీజీ, ఈఎక్స్ఈ వంటివి. "హాల్‌టికెట్ పీడీఎఫ్" అని కనబడే ఫైలుకు వెనుక దాగిన తోక ఈఎక్స్ఈ అయితే అది హాల్ టికెట్ కాదు, ఒక ప్రోగ్రాము. వైరస్‌లు ఈ వేషంలోనే వస్తుంటాయి. ఏదైనా ఫోల్డరు తెరిచి, పైన "వ్యూ" నొక్కి, "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" దగ్గర టిక్ పెట్టండి. విండోస్ 11లో అది వ్యూ లోపల "షో" అనే చోట ఉంటుంది. తోక కనబడితే మోసం కనబడినట్లే.

వాల్‌పేపరు సంగతి కూడా చెప్పాలి కదా! ఫొటో మీద కుడి క్లిక్ చేసి "సెట్ యాజ్ డెస్క్‌టాప్ బ్యాక్‌గ్రౌండ్" అంటే అయిపోతుంది. సినిమా హీరోల ఫొటోలు పెట్టి గదిలో గొడవలు పడేకంటే హార్స్‌లీ హిల్స్ ఫొటోనో, పుంగనూరు ఆవు ఫొటోనో పెట్టండి. ఎవరికీ అభ్యంతరం ఉండదు. పాత కంప్యూటర్ అయితే వాల్‌పేపరు లేకుండా ఒకే ముదురు రంగు పెట్టుకోవడం మేలు. ఐకాన్ల పేర్లు స్పష్టంగా కనబడతాయి.

5. ముసలి కంప్యూటర్‌కు కాస్త ఊపిరి

మనకు దొరికేవి ఎక్కువగా పాత కంప్యూటర్లే. స్టార్ట్ చేసి టిఫిన్ తిని వచ్చేసరికి తెరుచుకునేవి కూడా ఉంటాయి. వీటికి మూడు చికిత్సలు.

మొదటిది: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో "స్టార్టప్" విభాగంలో కంప్యూటర్ తెరవగానే లేచి కూర్చునే ప్రోగ్రాముల జాబితా ఉంటుంది. అవసరం లేనివాటిని ఎంచి "డిజేబుల్" నొక్కండి. ప్రోగ్రాము పోదు, పిలిచినప్పుడే వస్తుంది. "విండోస్ సెక్యూరిటీ"కి సంబంధించినదాన్ని మాత్రం ముట్టుకోకండి.

రెండవది: స్టార్ట్ నొక్కి "పెర్ఫార్మెన్స్" అని ఇంగ్లీషులో టైపు చేస్తే "అడ్జస్ట్ ది అప్పియరెన్స్ అండ్ పెర్ఫార్మెన్స్ ఆఫ్ విండోస్" వస్తుంది. అందులో "బెస్ట్ పెర్ఫార్మెన్స్" ఎంచుకుంటే నీడలు, కదలికలు వంటి అలంకారాలన్నీ పోయి కంప్యూటర్ తేలికపడుతుంది. కానీ కింది జాబితాలో "స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్" అనే ఒక్కదానికి మళ్ళీ టిక్ పెట్టండి. అది లేకపోతే మన గుండ్రని తెలుగు అక్షరాలు రంపపు పళ్ళలాగా కనబడతాయి.

మూడవది: "స్టోరేజ్" సెట్టింగులలో "టెంపరరీ ఫైల్స్" తెరిచి చెత్తను తీసివేయండి. ఆ జాబితాలో "డౌన్‌లోడ్స్" కూడా ఉంటుంది. దాని టిక్ చూసుకుని మరీ "రిమూవ్" నొక్కండి.

ఒక్క క్లిక్‌తో కంప్యూటర్‌ను రాకెట్ చేస్తామని చెప్పే ఉచిత ప్రోగ్రాముల జోలికి పోకండి. అవే ఒక్కోసారి కంప్యూటర్‌ను ఇంకా నెమ్మదిగా నడిపిస్తాయి. అలాగే క్రాక్ చేసిన విండోస్, యాక్టివేటర్లు వేయవద్దు. వాటితో వైరస్ వచ్చే ప్రమాదం ఉంది.

6. పదిమంది వాడే కంప్యూటర్

ఇంతవరకు చెప్పినవి సౌకర్యం కోసం. ఇప్పుడు చెప్పేది రక్షణ కోసం. సొంత కంప్యూటర్ ఉన్నవారికి రాసిన పుస్తకాల్లో ఇది పెద్దగా కనబడదు. మనకు మాత్రం ఇదే అన్నిటికంటే అవసరం. ఎందుకంటే మన కంప్యూటర్ ఎప్పుడూ హాస్టల్‌దో, కాలేజీదో, నెట్ సెంటర్‌దో.

ఒక నెట్ సెంటర్‌లో మేము డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచి చూస్తే ఎవరెవరివో కుల ధ్రువపత్రాలు, ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీలు వరుసగా ఉన్నాయి. దరఖాస్తు పెట్టి వెళ్ళినవారికి అవి అక్కడ మిగిలిపోయాయని తెలియదు. ఇంకోచోట మా మిత్రుడొకరి కౌన్సెలింగ్ పాస్‌వర్డు బ్రౌజర్‌లో సేవ్ అయిపోయింది. తర్వాత ఎవరు కూర్చున్నా ఆయన వెబ్ ఆప్షన్లు మార్చగలిగే పరిస్థితి! గడువు ముగిసేలోగా గమనించి పాస్‌వర్డు మార్చుకోబట్టి సరిపోయింది. లేకపోతే చదవాలనుకున్న కాలేజీ సీటు ఒక క్లిక్‌తో పోయేది. మనలాంటి ఇళ్ళలో ఒక సీటు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు.

కాబట్టి ఈ ఆరు పనులు అలవాటు చేసుకోండి.

ఒకటి: బయటి కంప్యూటర్‌లో ఎప్పుడూ ప్రైవేట్ విండోలోనే పని చేయండి. క్రోమ్, ఎడ్జ్ లలో కంట్రోల్, షిఫ్ట్, ఎన్. ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, పి. కిటికీ మూసేయగానే లాగిన్లు, చూసిన పేజీల జాడ ఆ కంప్యూటర్‌లో మిగలవు. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్ళు మాత్రం ఉండిపోతాయి, గుర్తుంచుకోండి.

రెండు: పాస్‌వర్డు సేవ్ చేయమంటారా అని అడిగితే "నెవర్" అనండి.

మూడు: వెళ్ళేముందు డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచి మీ ఫైళ్ళను ఎంచి, షిఫ్ట్ కీ పట్టుకుని డిలీట్ నొక్కండి. ఇలా చేస్తే రీసైకిల్ బిన్‌లో కూడా ఉండవు.

నాలుగు: విండోస్ కీ, వి అక్షరం కలిపి నొక్కి చూడండి. మీరు కాపీ చేసిన ఆధార్ నంబరు, పాస్‌వర్డు అక్కడ వరుసగా కనబడవచ్చు. దీన్ని క్లిప్‌బోర్డ్ హిస్టరీ అంటారు. "క్లియర్ ఆల్" నొక్కి వెళ్ళండి.

ఐదు: వాట్సాప్‌ను కంప్యూటర్‌లో తెరిచి ఉంటే, ఫోన్‌లో "లింక్డ్ డివైసెస్" చూసి లాగ్ అవుట్ చేయండి.

ఆరు: రెండు నిమిషాలు లేచి వెళ్ళాలన్నా విండోస్ కీ, ఎల్ నొక్కి తాళం వేయండి. తాళం పనిచేయాలంటే ఖాతాకు పాస్‌వర్డు ఉండాలి.

హాస్టల్ కంప్యూటర్ అయితే ఇంకా మంచి ఏర్పాటు ఉంది. సెట్టింగ్స్‌లో "అకౌంట్స్", అందులో "అదర్ యూజర్స్" దగ్గర ఒక్కొక్కరికి, లేదా ఒక్కొక్క తరగతికి, వేర్వేరు ఖాతాలు పెట్టవచ్చు. వీటిని "స్టాండర్డ్ యూజర్"గానే ఉంచాలి. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు వార్డెన్ గారి దగ్గరో, ల్యాబ్ చూసేవారి దగ్గరో ఉండాలి. అప్పుడు ఒకరి వాల్‌పేపరు, ఒకరి అక్షరాల సైజు ఇంకొకరికి అడ్డురావు. ఒకరి ఖాతాలోని డాక్యుమెంట్లు ఇంకొకరి ఖాతాలో తెరుచుకోవు. స్టాండర్డ్ ఖాతాలో ఉన్నవారు సిస్టమ్ మొత్తాన్ని పాడుచేయలేరు కాబట్టి చిన్న తరగతుల పిల్లలకు కూడా ధైర్యంగా మౌస్ ఇవ్వవచ్చు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా డబ్బు మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి.

7. విండోస్ 10 ఆగిపోయింది, ఇప్పుడేం చేయాలి?

2015లో వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ తన మామూలు సపోర్టును 2025 అక్టోబరు 14న ఆపివేసింది. పేరు నమోదు చేసుకున్న వ్యక్తిగత వినియోగదారులకు భద్రతా సవరణలను మరో ఏడాది, 2026 అక్టోబరు వరకు పొడిగించింది. విండోస్ 11 వేయాలంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలంతో పాటు టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు, కొత్త తరం ప్రాసెసరు ఉండాలి. మనకు దొరికే పాత కంప్యూటర్లలో చాలావాటికి ఆ అర్హత లేదు. అలాగని వాటిని మూలన పడేయనక్కర లేదు. అక్కడే లినక్స్ పనికివస్తుంది.

లినక్స్ ఉచితం. క్రాక్ అవసరమే లేదు. లినక్స్ మింట్ వారి ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం 2 జీబీ ర్యామ్‌తోనూ నడుస్తుంది, 4 జీబీ ఉంటే సుఖం. దీన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, కంప్యూటర్‌లో ఉన్నదేదీ చెరపకుండా ముందు నడిపి చూడవచ్చు. దీన్నే "లైవ్" పద్ధతి అంటారు. నచ్చితేనే డిస్కులోకి ఎక్కించవచ్చు. ఎక్కించేటప్పుడు పాత ఫైళ్ళు చెరిగిపోయే వీలుంది కనుక ముందు కాపీ తీసుకోవాలి. హాస్టల్ కంప్యూటర్ ప్రభుత్వ ఆస్తి. వార్డెన్ గారి అనుమతి లేకుండా ఈ పని చేయకూడదు.

తెలుగుకు లినక్స్ కొత్తేమీ కాదు. 2005లోనే "స్వేచ్ఛ" పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ వెలువడింది. మెనూలను తెలుగులోకి మార్చే పనిలో ఎందరో విద్యార్థులు, ఇంజనీర్లు జీతం లేకుండా పాల్గొన్నారు. ఎవరైనా మార్చవచ్చు, ఎవరైనా పంచవచ్చు అనేదే దాని వెనుకనున్న సూత్రం. లినక్స్‌లో తెలుగు టైపు చేయడానికి "ఐబస్" అనే సాధనం ఉంది. విండోస్‌లో నేర్చిన ఇన్‌స్క్రిప్ట్ ఇక్కడా అలాగే పనిచేస్తుంది. కుప్పం, పుంగనూరు, మదనపల్లె పేర్లు అవే కీలతో వస్తాయి.

చివరిగా నాలుగు మాటలు

కంప్యూటర్లు మన ప్రాంతానికి నిన్న మొన్న వచ్చినవి కావు. 2002లోనే కుప్పంలో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి "ఐ కమ్యూనిటీ" అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. అయితే యంత్రం ఊళ్ళోకి రావడం వేరు, అది మన చేతికి రావడం వేరు. గదిలో కంప్యూటర్ ఉన్నా దాన్ని తాకే ధైర్యం పదిమందిలో ఇద్దరికే ఉంటే మిగతా ఎనిమిది మందికి అది లేనట్లే లెక్క.

అందుచేత మా విన్నపం ఒక్కటే. ఈ చిట్కాలలో మీకు వచ్చినదాన్ని మీరు చేసి చూపించకండి. మౌస్ తమ్ముడి చేతికి, చెల్లెలి చేతికి ఇచ్చి, మీరు పక్కన నిలబడి చెప్పండి. వాళ్ళు తడబడతారు, తప్పు గుండీ నొక్కుతారు. నొక్కనివ్వండి. రీస్టోర్ పాయింట్ ఉండనే ఉంది. వారానికి ఒక ఆదివారం గంటసేపు ఇలా కూర్చుంటే, వచ్చే వార్షికోత్సవానికి సంచికలోని వ్యాసాలన్నీ మన పిల్లలే యూనికోడ్ తెలుగులో టైపు చేసి ఇవ్వగలరు. డీటీపీకి పెట్టే ఖర్చుతో లైబ్రరీకి నాలుగు పుస్తకాలు కొనుక్కోవచ్చు.

ఈ రోజు సాయంత్రం మొదట రీస్టోర్ పాయింట్ పెట్టండి. తర్వాత కె, జి, హెచ్, డి, హెచ్, ఎక్స్ కొట్టి చూడండి.